గెలిచింది రైల్వేస్, ఆడిందెవరు?

జాతీయ పోటీల ఫలితాల్లో కేరళ, హర్యానా, మణిపూర్ లాంటి పేర్ల మధ్య ‘రైల్వేస్’ అని ఒక పేరు కనిపిస్తుంది. అది రాష్ట్రం కాదు, ఊరు కాదు, భాష అసలే కాదు. అయినా కబడ్డీ నుంచి క్రికెట్ దాకా ఆడవాళ్ల పోటీల్లో కప్పు ఎవరిదని పాత లెక్కలు తీస్తే ఎక్కువసార్లు తగిలేది ఆ పేరే. ఆడిన అమ్మాయి శ్రీకాకుళానిది కావచ్చు, కోర్బాది కావచ్చు, ఉద్యోగం బిలాస్‌పూర్‌లో కావచ్చు. కప్పు మీద మాత్రం రైల్వేస్. సాహస క్రీడల్లో రాణించే ఆడవాళ్లకు ఏటా ఒక ప్రత్యేక పురస్కారం ఉండాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ ప్రోత్సాహం చుట్టూనే తిరుగుతుంది. డబ్బిస్తే ఆడతారా, శాలువా కప్పితే కొండలెక్కుతారా అని ఒకరంటే, ఎందుకెక్కరు అని మరొకరు. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే ఊరు బిలాస్‌పూర్ గతాన్ని తిరగేస్తే ఆ చర్చ మొదలైన చోటే తేడాగా ఉందనిపిస్తుంది. పురస్కారం చేసే ముఖ్యమైన పని ప్రోత్సహించడం కాదు. ఫలానా ఏడు ఫలానా మనిషి ఫలానా పని చేసిందని పదిమందికీ కనపడేచోట రాసి పెట్టడం. అది దాఖలా. రైల్వే తన ఆడవాళ్లకు, ఆలస్యంగానైనా, మైదానమిచ్చింది, జీతమిచ్చింది. దాఖలా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఊరు పుట్టిన తీరులోనే దీని మూలం కొంత ఉంది. అర్ప నది ఒడ్డున బిలాస్‌పూర్ అనే పాత ఊరు ఎప్పటినుంచో ఉన్నా, ఇప్పుడు మనం చూసే రైల్వే ఊరు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టించుకున్నది. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా వేసిన దారి 1891కల్లా నడకలోకి వచ్చింది. ఇక్కడినుంచి కట్నీ వైపు ఇంకో దారి చీలడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న కోస్తా లైను కూడా అదే కంపెనీ చేతిలోకి వచ్చింది, 1931లో విజయనగరం, పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ దాకా లైను కలిసింది. ఆ పట్టాల వెంబడే ఉత్తరాంధ్ర జనం గ్యాంగుల్లోకి, షెడ్లలోకి, ఆఫీసు బల్లల దగ్గరికి చేరి, ఖరగ్‌పూర్‌లోలాగే ఇక్కడా తెలుగు మాట వినిపించే వీధులు ఏర్పడ్డాయి. మన వాళ్ల నోట ఆ కంపెనీ ఎప్పుడూ ‘బి.ఎన్.ఆర్.’ మాత్రమే. కంపెనీ 1944లో సర్కారు చేతికి వెళ్లింది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడితే బిలాస్‌పూర్ అందులో ఒక డివిజన్‌గా ఉంది, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే పుట్టి దానికి ఈ ఊరే కేంద్రమైంది. కాలనీలు కట్టేటప్పుడు క్వార్టర్ల తర్వాత కంపెనీ కట్టేది ఇన్‌స్టిట్యూట్, దాని పక్కన మైదానం. తెల్లవాళ్లకో ఇన్‌స్టిట్యూట్, ఇండియన్లకో ఇన్‌స్టిట్యూట్ అని విడగొట్టడం అన్ని రైల్వే ఊళ్లలోనూ ఉన్న పద్ధతే. ఎటు చూసినా మెంబరు ఉద్యోగి, ఉద్యోగి మగవాడు. భార్య, కూతురు అతని పేరు మీద లోపలికి వచ్చేవాళ్లు. ఆడవాళ్ల ఆట రైల్వే పుస్తకాల్లోకి మొదట ఎక్కింది ఇలా, ఎవరి తాలూకో అన్న లెక్కన.

ఈ ఊరు కన్న ఆటగాళ్లలో అందరికీ తెలిసిన పేరు లెస్లీ క్లాడియస్‌ది. 1927 మార్చి 25న ఇక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టాడు. ఫుట్‌బాల్ మోజుతో ఖరగ్‌పూర్‌లో తిరుగుతున్న ఆ కుర్రాడి చేతికి 1946లో హాకీ కర్ర అందించింది డికీ కార్, 1932 ఒలింపిక్ జట్టులో ఆడి స్వర్ణం తెచ్చిన బి.ఎన్.ఆర్. మనిషి. ప్రాక్టీసు మ్యాచికి ఒకడు తక్కువయ్యాడు, పక్కన నిలబడి చూస్తున్నవాణ్ని పిలిచారు, అంతే. రెండేళ్లు తిరిగేసరికి 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం, ఆ తర్వాత 1952లో, 1956లో మళ్లీ స్వర్ణాలు, 1960లో రజతం. 2012 ఒలింపిక్స్ సమయంలో లండన్ రైలు స్టేషన్లకు క్రీడాకారుల పేర్లు పెట్టి ఒక మ్యాపు వేస్తే బుషీ స్టేషన్‌కు క్లాడియస్ పేరు వచ్చింది. రైల్వే ఊళ్లో పుట్టినవాడి పేరు రైల్వే మ్యాపు మీదికే వెళ్లడం ముచ్చటైన సంగతే. ఇక్కడ ఆగి చూడవలసింది ఆ ‘ఒకడు తక్కువయ్యాడు’ అన్న క్షణాన్ని. పక్కన నిలబడి చూసేవాళ్లలో ఆడపిల్లలు ఉండి ఉంటే వాళ్లను పిలిచేవారా? ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఆడపిల్లలు హాకీ ఆడనివాళ్లేం కాదు. 1961లో అర్జున అవార్డులు మొదలైన ఏడే ఆ జాబితాలో ఆన్ లమ్స్‌డెన్ అనే ఆంగ్లో ఇండియన్ హాకీ క్రీడాకారిణి పేరుంది. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆమె ఆడిన మ్యాచులు ఇప్పుడు ఎవరికి గుర్తున్నాయి? పేరు మాత్రం ఉంది, జాబితా ఉంది కనక.

బి.ఎన్.ఆర్. కథలో ఆడవాళ్ల సాహసం అనగానే మొదట రావలసిన పేరు ఆరతీ సాహా. 1940లో కలకత్తాలో పుట్టారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లిన నలుగురు భారతీయ మహిళల్లో అందరికన్నా చిన్న, పన్నెండో ఏడు ఇంకా నిండలేదు. 1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ చానెల్ ఈదడానికి దిగితే, వెంట రావలసిన పడవ ఆలస్యమై బయల్దేరడమే ఆలస్యమైంది. తీరం అయిదు మైళ్లుందనగా ఎదురు ప్రవాహం తగిలింది. గంటల తరబడి చేతులాడించినా దూరం తరగలేదు, చివరికి పడవెక్కక తప్పలేదు. నెల తిరిగాక, సెప్టెంబరు 29న, ఫ్రాన్స్ వైపు గ్రీ నే అగ్రం నుంచి మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాలు ఈది ఇంగ్లండ్ ఒడ్డున శాండ్‌గేట్ దగ్గర తేలారు. చానెల్ ఈదిన తొలి ఆసియా మహిళ. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. ఆమె ఉద్యోగం చేసింది మన వాళ్లు బి.ఎన్.ఆర్. అని పిలుచుకునే రైల్వేలోనే, అంటే అప్పట్లో బిలాస్‌పూర్ ఏ సంస్థలో భాగమో ఆ సంస్థలోనే. అర్జున మొదలైంది 1961లో, ఆమె ఈదిన రెండేళ్లకు. సాహస క్రీడలకంటూ కేంద్రం విడిగా ఒక జాతీయ పురస్కారం ఇవ్వడం మొదలైంది 1990ల్లో, అందులో నీళ్లలో చేసే సాహసానికి ప్రత్యేక విభాగం ఉంది. ఆరతీ సాహా 1994 ఆగస్టులో చనిపోయారు. పద్మశ్రీ లేకపోతే ఈ వాక్యం రాయడానికి కూడా ఆధారం పలచనయ్యేది. ఆవిడంటే చానెల్ ఈదారు, ప్రపంచం చూసింది. పోటీలో మూడో స్థానంలో వచ్చి ఊరికి తిరిగి, మర్నాడు పొద్దున డ్యూటీలో చేరినావిడ సంగతేంటి?

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. ఆడవాళ్ల చేత ఆటలాడించింది బిరుదులు కాదు, ఉద్యోగాలు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా లేకపోతే పేదింటి ఆడపిల్ల ఇరవై ఏళ్లు దాటాక ఆటలో ఉండేదే కాదు. ట్రయల్స్‌లో నెగ్గితే కొలువు, శిబిరాలకూ పోటీలకూ స్పెషల్ క్యాజువల్ లీవు, తెచ్చిన పతకాన్ని బట్టి ఇంక్రిమెంటు, ఒక్కోసారి ప్రమోషన్. పెళ్లి మాటొచ్చినప్పుడు ‘అమ్మాయి రైల్వేలో’ అన్న ఒక్క ముక్క ఎంత పని చేస్తుందో తెలుగు ఇళ్లలో విడమరచి చెప్పక్కర్లేదు. మిథాలీ రాజ్ దక్షిణ మధ్య రైల్వే జీతం మీదే ఏళ్ల తరబడి క్రికెట్ ఆడారు. శ్రీకాకుళం దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబులు. జీతం తండ్రిది, బరువు ఎత్తింది కూతురు. ఇదంతా నిజం. జీతానికీ పతకానికీ పోటీ పెడితే జీతమే గెలుస్తుంది, గెలవాలి కూడా. అయితే ఈ ఆక్షేపణ తనకు తెలియకుండానే ఇంకో సంగతి ఒప్పుకుంటోంది. కోటాలో ఉన్న ఆటలకే జీతం. రాళ్లు ఎక్కడం, పర్వతారోహణ, సముద్రపు ఈత లాంటివాటికి పాయింట్ల పట్టిక ఉండదు, లీగు ఉండదు, జట్టు ఉండదు, కాబట్టి కోటా అనే జల్లెడలో అవి నిలవవు. ఇక కోటాలో ఉన్న ఆటలకైనా ఆమె పేరు ఎక్కేది సర్వీసు రిజిస్టరులో. అది అల్మారాలో ఉండే పుస్తకం. రిటైరైన ఉద్యోగిని కూతురు అమ్మ ఆడిందా అని అడిగితే తీసి చూపించేది కాదు.

బిలాస్‌పూర్ నుంచి హౌరా లైను మీద తూర్పుగా వెళ్తే టాటానగర్ వస్తుంది. ఆ ఊరు ఉక్కుది, ఈ ఊరు పట్టాలది. రెండూ కంపెనీ ఊళ్లే, రెండింటి తీరూ ఒకటే, క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, మైదానం. బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎవరెస్ట్ ఎక్కిన ఏడే టాటా స్టీల్ సాహస క్రీడల కోసం ఒక ఫౌండేషన్ పెట్టింది, దశాబ్దాలపాటు ఆవిడే దాన్ని నడిపారు. రైలు నుంచి తోసేస్తే కాలు పోగొట్టుకున్న అరుణిమా సిన్హా బచేంద్రి దగ్గరే శిక్షణ పొంది 2013లో ఎవరెస్ట్ ఎక్కారు. జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ నలభై ఎనిమిదేళ్ల వయసులో 2011లో ఎక్కారు. ఉక్కు ఊరికి పట్టిన అదృష్టం రైల్వే ఊరికి ఎందుకు పట్టలేదంటే జవాబు సులువే, అక్కడ పతకాలకు లొంగని ఆటకు కూడా ఒక గదీ, ఒక బోర్డూ, ఒక జీతమూ దొరికాయి. మన తెలంగాణలో మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిందంటే దాని వెనకా సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ ఉంది, భువనగిరి కొండ మీద చేయించిన శిక్షణ ఉంది. అంటే సంస్థ ముందు, పురస్కారం తర్వాత. ఆ వరస మార్చమని ఎవరూ అనడం లేదు. వరసలో రెండోది ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఛత్తీస్‌గఢ్‌లో రెండోది ఉంది, కాకపోతే దాని పేర్లు చూడాలి. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడ్డాక క్రీడలకు ఇచ్చే పురస్కారాల్లో ఒకటి గుండాధుర్ పేరిట ఉంది, 1910లో బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు నడిపిన నాయకుడాయన. ఒకటి షహీద్ రాజీవ్ పాండే పేరిట, ఇంకొకటి షహీద్ కౌశల్ యాదవ్ పేరిట ఉన్నాయి. రాజీవ్ పాండే సెకండ్ లెఫ్టినెంట్. 1987 మే నెలలో సియాచిన్‌లో సుమారు 21 వేల అడుగుల ఎత్తున పాకిస్తాన్ పట్టులో ఉన్న స్థావరం వైపు నిట్టనిలువు మంచు గోడ ఎక్కుతూ కాల్పుల్లో చనిపోయాడు. తర్వాతి నెలలో బానాసింగ్ బృందం ఆ శిఖరాన్ని పట్టింది, ఆ దాడికి రాజీవ్ పేరే పెట్టారు. భిలాయికి చెందిన కౌశల్ యాదవ్ 1999 జులైలో ద్రాస్ దగ్గర జులూ టాప్ ఎక్కి పోరాడుతూ మరణించాడు. ఇద్దరికీ వీరచక్ర. ఆ పేర్ల మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఉండకూడదు. గమనించవలసింది ఏమిటంటే ఈ రాష్ట్రం తన క్రీడా పురస్కారాలకు ఎంచుకున్న పేర్లలో రెండు కొండగోడ ఎక్కినవాళ్లవి. కొండగోడ ఎక్కడాన్ని ఆటల పోటీలు కొలవకపోయినా, అదే గొప్ప సాహసమని రాష్ట్రానికి మనసులో తెలుసు. ఆడవాళ్ల పేరుతో పురస్కారం లేకపోలేదు, ఛత్తీస్‌గఢ్ తొలి మహిళా పార్లమెంటు సభ్యురాలు మినీమాత పేరిట ఒకటుంది, అది స్త్రీల అభ్యున్నతికి చేసిన సేవకు. సేవకు ఆడపేరు, సాహసానికి మగపేరు. ఎవరూ కూర్చుని కుట్ర పన్ని ఇలా చేసి ఉండరు. చేతికి అలవాటైన ముడి, అంతే.

ఆ బస్తర్ నుంచే వచ్చిన నైనాసింగ్ ధాకడ్ 2021 జూన్ 1న ఎవరెస్ట్ ఎక్కారు, అదే యాత్రలో లోత్సే కూడా. 2022 నవంబరు 30న రాష్ట్రపతి భవన్‌లో టెన్జింగ్ నార్గే పేరిట ఇచ్చే జాతీయ సాహస పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారంలో ఏముంటుందో చూస్తే ఒక చిన్న విషయం కంటపడుతుంది. టెన్జింగ్ కంచు బొమ్మ, ప్రశంసాపత్రం, 15 లక్షల రూపాయలు, వీటితోపాటు బ్లేజరు, దానికి జతగా పట్టు టై లేదా చీర. నియమాలు రాసిన గుమస్తా ‘లేదా చీర’ అన్న రెండు మాటలు చేర్చే ముందు కలం ఒక్క క్షణం ఆపి ఉంటాడు. ఆ క్షణం విలువైనదే, ఎందుకంటే గెలిచేది ఆడమనిషి కూడా కావచ్చని సర్కారు కాగితం ఒప్పుకున్న చోటు అది. దీన్ని పట్టుకునే ఇంకో ఆక్షేపణ వస్తుంది. మగా ఆడా తేడా లేని పురస్కారం ఉండగా, అందులో ఆడవాళ్లు నెగ్గుతుండగా, మళ్లీ వాళ్లకంటూ విడిగా ఎందుకు, అది తక్కువ చేయడం కాదా? ఎవరెస్ట్ దాకా వెళ్లినవాళ్ల విషయంలో ఈ మాట చెల్లుతుంది. శిఖరం మీద నిలబడినవాళ్లు ఎవరికైనా కనిపిస్తారు. ఉమ్మడి పురస్కారం ఏటా నాలుగైదు పేర్లే తీసుకుంటుంది, వాటి కింద ఉన్న నడిమి మెట్ల మీద మగవాడికి పోలీసు, సైన్యం, క్లబ్బు అని నాలుగు చోట్ల పేరు నమోదవుతుంది, ఆడమనిషికి ఆ చోట్లు తక్కువ. విడి జాబితా కావలసింది శిఖరానికి కాదు, నడిమి మెట్లకు.

విడిగా పెట్టి చూపించడం వల్ల ఏం జరుగుతుందో సముద్రపు అలల ఆట చెబుతుంది. 2018 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని బల్లిటోలో జరిగిన జూనియర్ సర్ఫింగ్ పోటీలో గెలిచిన అబ్బాయి, గెలిచిన అమ్మాయి పక్కపక్కన నిలబడి పెద్ద అట్ట చెక్కులు పట్టుకున్నారు. అతని చెక్కు మీద 8 వేల రాండ్లు, ఆమె చెక్కు మీద 4 వేలు. తేడా కొత్తదేం కాదు, ఏళ్ల తరబడి ఉన్నదే. రెండు అంకెలూ ఒకే ఫొటోలో పడ్డాయి, లోకమంతా తిరిగింది. ఆ సెప్టెంబరులోనే ప్రపంచ సర్ఫ్ లీగ్ తన పోటీల్లో ఇద్దరికీ సమాన బహుమతి ప్రకటించి, 2019 నుంచి అమలు చేసింది. ఆ మార్పుకు ఫొటో ఒక్కటే కారణం అనలేం, ఆడవాళ్లు అంతకుముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. కాకపోతే దాఖలా లేని ఫిర్యాదుకు బలం తక్కువ. పురస్కార వేదిక మీద కనిపించేది గెలుపు ఒక్కటే కాదు, లెక్క కూడా.

పురస్కార సంఘాల తప్పుల గురించి చెప్పేవాళ్లకు ఉదాహరణల కొరత ఉండదు. 1952లో ఆరతీ సాహాతోపాటు హెల్సింకీ వెళ్లిన పరుగుల రాణి మేరీ డిసౌజాకు, ప్రయాణపు ఖర్చులకు స్నేహితులు చందాలు పోగుచేసిన ఆ మనిషికి, కేంద్రం ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది 2013లో, అరవై ఒక్క ఏళ్ల తర్వాత. అప్పటికి ఆమె వయసు ఎనభై దాటింది. ఇది పురస్కారాలకు వ్యతిరేకంగా వాడే ఉదాహరణ, నిజానికి ఇది ‘ఏటా’ అన్న మాటకు అనుకూలం. ఎప్పుడో బుద్ధిపుట్టినప్పుడు ఇచ్చేదయితే అరవయ్యేళ్లు పడుతుంది. ఏటా ఇచ్చి తీరాలన్న నియమం ఉంటే ఎవరో ఒక ఉద్యోగి ఏటా ఫైలు తెరిచి, డివిజన్లకు కాగితం పంపి, ఎవరున్నారని అడగాలి. అడగడం మొదలైతే పేర్లు బయటికి వస్తాయి. ఇష్టం లేకపోయినా వెతికించే గుణం వార్షిక పురస్కారానికి ఉంది.

ఇప్పుడు బిలాస్‌పూర్‌లో వెతకడానికి చోట్లున్నాయి. ఊరి అంచున బహతరాయిలో కబడ్డీ అకాడమీ నడుస్తోంది, 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళల జట్టు రైడర్ సంజూ దేవి, కోర్బా జిల్లా పల్లె పిల్ల, తర్ఫీదు పొందింది అక్కడే. రైల్వే మైదానాలున్నాయి, కోటాలో చేరిన అమ్మాయిలున్నారు, వాళ్లకు ముందు చేరి రిటైరైనవాళ్లున్నారు. జోన్ కేంద్రం ఇక్కడే కాబట్టి పాత సర్వీసు రిజిస్టర్లు తీయించే అధికారం కూడా ఇక్కడే ఉంది. అలాంటి జాబితా వేసేవాళ్లు నాలుగు గడులు గీస్తే చాలు: పుట్టినప్పటి పేరు, పెళ్లయ్యాక మారితే ఆ పేరు, సొంత ఊరు, ఉద్యోగం చేసిన స్టేషన్. రెండో గడి లేక ఎన్ని పాత ఫలితాల్లో ఒకే మనిషి ఇద్దరిగా మిగిలిపోయిందో. మూడో గడి ఉంటే మన ఆమదాలవలస పిల్లో, బొబ్బిలి పిల్లో రైల్వేస్ అన్న మాట కింద మునిగిపోకుండా ఉంటుంది, ఆంధ్ర వాళ్లూ ఛత్తీస్‌గఢ్ వాళ్లూ కూడా మా అమ్మాయే అనుకోవచ్చు.

ఇక ఆ పురస్కారానికి పేరెవరిదంటే ఆరతీ సాహాది పెట్టమంటాను. క్లాడియస్ పేరు కావాలనేవాళ్లుంటారు, ఆయనకు మూడు స్వర్ణాలూ ఒక లండన్ స్టేషనూ ఉన్నాయి. బిలాస్‌పూర్‌కూ ఆమెకూ ఏం సంబంధం, ఆమె కలకత్తా మనిషి కదా అనేవాళ్లూ ఉంటారు. ఆమెకు జీతమిచ్చిన రైల్వే, ఈ ఊరి లోకో షెడ్డుకు జీతాలిచ్చిన రైల్వే ఒకటే.